జీతములేని కొలువు: బొంబాయి నగరమున రెండు వాడల వృత్తాంతము



ఈ వార్షికసంచికకు నేదైన నొక చారిత్రకవ్యాసమును వ్రాసి పంపుమని సంపాదకమహాశయులు కోరినప్పుడు, నేను మన పూర్వుల వంశావళినో, గోత్రనామముల వ్యుత్పత్తినో వ్రాయుదునని వారు తలంచి యుందురు. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి, సంస్కృతశబ్దములకు ధాతువులను వెదకుటలో నాయువున సగము వ్యయించినవానినుండి యంతకన్న నేమి యాశింపగలరు? కాని గడచిన రెండు మహాసభలలోను మనవారు పదేపదే ప్రస్తావించిన విషయ మొకటి గలదు. పట్టణమున నొక స్థలము గొని, ఇండ్లు గట్టించి, మనవాడ యని చెప్పుకొనదగిన యొక వాడ నేర్పఱుపవలెననుట యా ప్రస్తావము. స్థల మెక్కడ, వెల యెంత, దాత లెవ్వరు అను మాటలు చాల జరిగినవి. ఆ వాడ గట్టిన పిదప దానిని నడపువా రెవ్వరు అను మాటను మాత్ర మెవ్వరును నెత్తలేదు. నే నెత్తదలచిన దా మాటయే. ఇల్లు గట్టుటకు ధనము చాలును. వాడ నిలుచుటకు ధనము చాలదు. జీతము గోరక, సాయంకాలపు వేళల దివ్వెయొద్ద గూర్చుండి లెక్కలు వ్రాయు నలుగురు మనుష్యులు కావలయును. అట్టి వారి చరిత్రమును గ్రంథస్థము చేసినవా రరుదు. నాకు దెలిసినంత మేరకు రెండు వాడల కథ నిచ్చట జెప్పెదను. అంతకు ముందొక పురాతనపు ముచ్చట.

కాంచీపురమున కనతిదూరమున ఉత్తరమేరూరను గ్రామము గలదు. అచ్చటి వైకుంఠపెరుమాళ్ కోవెల గోడలమీద మొదటి పరాంతకచోళుని కాలమున, 919, 921 సంవత్సరములలో చెక్కబడిన రెండు శాసనము లున్నవి. అది బ్రాహ్మణుల యగ్రహారము. ఊరు ముప్పది వాడలుగా విభజింపబడి యుండెను. వాడవాడకు దగినవారి పేళ్లు తాటాకుముక్కలమీద వ్రాసి, కుండలో వేసి, అక్షరభేద మెఱుగని బాలునిచేత నొక్కొక్క యాకును దీయించి, ఏటికి ముప్పదిమంది నేర్పఱచుకొనుచుండిరి. వారిలో పండ్రెండుగురు సంవత్సరపు సభకును, పండ్రెండుగురు తోటల సభకును, ఆర్వురు చెఱువు సభకును బోవుదురు. కొలువు మూడువందల యఱువది దినములు, పిదప దిగిపోవలెను. పన్ను గట్టెడి భూమి కాలువేలి కలవాడును, స్వంత స్థలమున నిల్లు గట్టుకొని యందు వసించువాడును, ముప్పదియైదేండ్లకు మీఱి డెబ్బదికి లోబడినవాడును, వేదము జదివినవాడును నర్హులని శాసనము.

ఈ శాసనమును నేను బడిలో నెన్నియో యేండ్లు పాఠము జెప్పితిని. కుండయు, తాటాకులు, బాలుడు విద్యార్థుల కానందము గలిగించునవి గాన వానినే విస్తరించి చెప్పి, తరువాతి వాక్యములను దాటవేయుచుంటిని. ఆ తరువాతి వాక్యములలో ననర్హుల పట్టిక గలదు. అందు మొట్టమొదటివా డెవ్వడనుకొనెదరు? దొంగయు గాడు, పతితుడును గాడు. పూర్వ మేదైన నొక సభలో నుండి లెక్కల నొప్పగింపనివాడు! వాడే కాదు, వాని మేనమామ, మేనత్త కొడుకులు, పినతల్లి పెదతల్లి కొడుకులు, బావమఱదులు మున్నగు బంధువు లెల్లరు నా కుండలో బేరు వేయుట కనర్హులు. వేయి సంవత్సరములకు బూర్వమే మనవారు వాడపెద్దఱికమునకు బట్టిన రోగమేదియో గుర్తించి, మందును రాతిమీద జెక్కించిరి. ఈ విషయమునకు మరల వత్తును. నాకు దీనితో స్వంత వ్యవహారము గలదు.

ఇక బొంబాయి. ఆ నగరము 1995లో ముంబయి యను పేరు దాల్చినది గాని, నేను జెప్పబోవు కాలమున బొంబాయియే కనుక నా పేరితోడనే వ్యవహరింతును. 1896వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, రేవు సమీపముననున్న మాండ్వీ పేటలో డాక్టరు అకాసియో వియేగస్ అను వైద్యుడు మహామారిని, అనగా ప్లేగును గుర్తించెను. జనులు తండోపతండములుగా నగరమును విడిచిపోయిరి. 1891లో ఎనిమిది లక్షల యిరువదియొకటివేలకు మించిన నగరజనసంఖ్య, 1901 నాటికి ఏడు లక్షల డెబ్బదియాఱువేలకు దిగిపోయెను. వ్యాధికి మూలము ఇఱుకు నివాసములని ప్రభుత్వము తలంచి, 1898లో ఇంప్రూవుమెంటు ట్రస్టను సంస్థను స్థాపించి, ఇఱుకుసందుల బడగొట్టి వెడల్పు వీథులు వేయుటకును, ఉత్తరమున దాదరు మాటుంగా ప్రాంతములందు గ్రొత్త పేటలు తీర్చుటకును బూనుకొనెను. పాతయిండ్లు కూలిన పేదలకు గ్రొత్తయిండ్లు దొరకినవా యను ప్రశ్నకు సంతృప్తికరమగు నుత్తరము లేదు. ఆ కథ వేఱు.

మధ్యతరగతి గుమాస్తాల నివాసము లెట్లుండెడివో మనవారిలో బొంబాయి జూడని వారికి జెప్పవలెను. దానిని చాళ్లని పిలుతురు. పొడుగాటి వసారా, దానివెంబడి వరుసగా నొక్కొక్క గది, గది కొక సంసారము. వసారాకొనను నందఱకు నొకటే కొళాయి, అందఱకు నవే మఱుగుదొడ్లు. కొంకణమునుండియు, కన్నడసీమనుండియు నింగ్లీషు చదువుకొని యుద్యోగార్థమై వచ్చినవా రీ చాళ్లలో గాపురము జేయవలసి వచ్చెడిది. మడి యాచారముగల యింటి యిల్లాలికి గొళాయియొద్ద నిలుచుట యెట్టి కష్టమో మన తల్లుల నడిగిన దెలియును.

అట్టివారిలో చిత్రాపుర సారస్వతులను చిన్న కులమొకటి గలదు. వారిది కొంకణిభాష, వారి గురుపీఠము ఉత్తరకన్నడమందలి శిరాలియందున్న చిత్రాపురమఠము. కులము చిన్నదే కాని చదువుకొన్నవారి పాలు హెచ్చు. వారిలో శ్రీపాద సుబ్రావు తల్మకి యను నొక మహనీయుడు. ప్రభుత్వము వారికి రావుబహద్దరు బిరుద మిచ్చెను గాని, వారి కీర్తికి మూలము బిరుదము గాదు. వారి గురుస్థానీయులు శ్యామరావు విఠ్ఠల కైకిణిగారు. కులములోని పేదల కుపకారము చేయుటయే వ్రతముగా గలవారు. గురువు గతించిన పిదప శిష్యులు సాధారణముగా నేమి చేయుదురు? పటము గట్టించి, సంవత్సరమున కొకతూరి పూలదండ వేయుదురు. తల్మకిగా రట్లు చేయలేదు. 1904లో సహకార పరపతిసంఘముల చట్టము వచ్చియుండెను. దాని నాధారముగా జేసికొని 1906 డిసెంబరు 27వ తేదీన గురువుగారి పేర నొక పరపతిసంఘమును నెలకొల్పిరి. మనవారిలో నగరముల కేగినవా రిప్పటికిని శ్యామరావు విఠ్ఠల బ్యాంకు పేరు చదివియుందురు. దాని పుట్టుక యిదియే. 1911లో కెనరా సారస్వతసంఘము వెలసెను.

1912లో సహకారచట్టము మరల సవరింపబడి, అప్పులిచ్చు సంఘములేగాక యితర ప్రయోజనములకును సహకారసంఘముల నేర్పఱుపవచ్చునని స్పష్టమయ్యెను. తల్మకిగారి దృష్టి యిండ్లమీదికి మరలెను. అప్పటికే యింగ్లాండులో, లండను సమీపమందలి ఈలింగులో, 1901లో కొంద ఱొక సంఘముగా గూడి యిండ్లు గట్టుకొనిరి. ఆ పద్ధతి యిట్టిది. ఇల్లు ఎవ్వనికిని స్వంతము గాదు, సంఘమునకు స్వంతము. ప్రతి నివాసియు సంఘములో వాటాలు కొని వాటాదా రగును. సంఘమునకు నెలనెల యద్దె చెల్లించి యింట నుండును. అనగా నొక్క మనుష్యుడే యజమానియు నద్దెదారుడును నగును. మన న్యాయశాస్త్రకారు లిట్టిదానిని విన్నచో నొక వాదగ్రంథమును వ్రాసియుందురు. తల్మకిగారు మాత్రము వాదముజోలికి బోక, బొంబాయి గాందేవి పేటలో 1915వ సంవత్సరమున సారస్వత సహకార గృహసంఘమును రిజిస్టరు చేయించిరి. ఆసియాఖండమందే యిది మొట్టమొదటి సహకార గృహసంఘమని ప్రసిద్ధి. గాంధీమహాత్ముడు బొంబాయి వచ్చినప్పుడు 1917 మొదలుకొని 1934 వఱకు బసచేసిన మణిభవనము నీ గాందేవిలోనే యున్నది. చూడబోవువా రా ప్రక్కనే యీ యిండ్లనుగూడ జూచి రావచ్చును.

చరిత్రగ్రంథములలో 'సంఘమును స్థాపించెను' అని యొక్క వాక్యముతో ముగింతురు. ఆ వాక్యము వెనుక నెంత పని గలదో సంఘముల నడపినవారే యెఱుగుదురు. వాటా ధనమునకై యింటింటికి దిరుగవలెను. వాటా కొన్నవాడు రెండవ కంతు చెల్లించునప్పుడు మొగము చాటువేయును. ఇల్లు పూర్తియగువఱకు 'ఇది కానేకాదు' అన్నవాడే, పూర్తికాగానే 'తూర్పు గాలి వచ్చు గది నాకే యీవలె' ననును. మేడమీదివారు నీళ్లు పాఱబోసిరని క్రిందివారును, క్రిందివా రావకాయ నెండబెట్టి మిద్దె నాక్రమించిరని మీదివారును గార్యదర్శియొద్దకు వత్తురు. అద్దె బాకీపడిన బంధువునకు తాఖీదు వ్రాయవలసినవాడు నతడే. ఆ బంధువు నింటి పెండ్లికి మఱునాడు పోయి పంక్తిలో గూర్చుండవలసినవాడు నతడే. ఇది యంతయు నుద్యోగము చేసికొని, సాయంకాల మింటికి వచ్చిన పిదప జేయవలసిన పని. జీతము లేదు. లోపము జరిగినచో నింద మాత్రము గలదు. తల్మకిగారివంటివా రిట్టి పనిని గురుదక్షిణగా భావించిరి కనుక జేయగల్గిరి. నిబంధనలు వ్రాయుట, వానిని కరపత్రములుగా ముద్రించి యితరకులములవారికిని నితర నగరములవారికిని బంచుట యనునవి వారికి నిత్యకృత్యములు. తమ కులమున కుపయోగించిన దానిని దాచుకొనక లోకమునకు బంచిరనుట గమనింపదగినది. తరువాత తార్‌దేవులో సారస్వతులకు వెలసిన మఱియొక వాడను జనులు తల్మకివాడి యని పిలుచుచున్నారు. వారి పటమునకు వేయు పూలదండకన్న నిది నిలుకడయైన గౌరవము.

రెండవ వాడ పారసీకులది. నా జామాత యుద్యోగవశమున బొంబాయిలో నుండగా, రెండేండ్ల క్రిందట నేను మాసము దినములచ్చట నుండి, ప్రతి యుదయమును దాదరునందలి పారసీవాడలో నడచుచుంటిని. ఆ వాడను దీర్చినవారు మంచెర్జీ ఎదల్జీ జోషిగారు. జోషి శబ్దము జ్యోతిషిక శబ్దభవము గదా, పారసీకునకు నా యింటిపే రేమని విస్మయపడితిని. దాని సంగతి నట్లుంచెదము. వారు వృత్తిచేత ఇంజనీరు. ఇంప్రూవుమెంటు ట్రస్టువారు దాదరు మాటుంగా భూములను జదును చేయించి పంచుచున్న దినములలో వా రధికారులను బలుమాఱు గలిసికొని, పారసీకులలో నల్పాదాయము గలవారికొఱకు 103 స్థలముల నొక్కచో గేటాయింపజేసిరి. అప్పటికి దాదరనగా నూరి చివర. చిత్తడినేల, తాళవనములు, దోమలు. కోటప్రాంతమున గాపురముండిన గుమాస్తాల నచ్చటికి రండని యొప్పించుట సులభము గాదు. ఇంటింటికి బోయి యొప్పించిరి. తామును నచ్చటికే వచ్చి కాపుర ముండిరి. ఈ తుదిమాట ముఖ్యమైనది. వాడపెద్ద వాడలో నుండవలెను. ఉత్తరమేరూరు శాసనమున స్వంత స్థలమున నిల్లు గట్టుకొని వసించువాడే యర్హుడని యున్న కారణ మిదియే. దూరమున బంగళాలో నుండి సంవత్సరమున కొకతూరి యధ్యక్షపీఠము నలంకరించువారు మన సభలకు మిక్కిలి కావలసినవారే, వారి యౌదార్యమునకు మన మెల్లరము కృతజ్ఞులమే. కాని కొళాయిలో నీరు రాని దినమున వారికి దెలియదు.

జోషిగా రిండ్లతోనే తృప్తిపడలేదు. ఇండ్లు రెండు మూడంతస్తులను మించరాదనియు, వీథివీథికి నొక్కొక్క జాతి చెట్లు నాటవలెననియు నిర్ణయించిరి. జమ్-ఎ-జమ్‌షేద్ వీథికి నశోకములు. ఫిర్దౌసీ వీథికి మహాగని వృక్షములు. వీథికి గవిపేరు పెట్టి, దానికి దగిన నీడ నమర్చిన యింజనీరును నేను మఱియొక్కని వినలేదు. వాడ ప్రక్కన నైదు తోట లున్నవి; వానికి నేడు జోషిగారి పేరే యున్నది. వాడలో వారి ప్రతిమయు గలదు. నే నొక యుదయమున నా యశోకముల నీడను నిలిచి, ఈ చెట్లను నాటిననా డివి మోకాలెత్తు మొక్కలై యుండును గదా, నాటినవారిలో నీ నీడ ననుభవించినవా రెందఱో యని లెక్కవేయుచు గొంతసేపు నిలిచిపోయితిని. పాలవాడు నన్ను వెఱ్ఱివాడనుకొని తప్పుకొనిపోయెను.

ఈ వాడలో నాకు మిక్కిలి వింతయనిపించినది వేఱొకటి. బొంబాయిలో పారసీకులకు దాతలు గట్టించిన వాడలు పెక్కు గలవు. వాడియా వంశీయురాలగు జెర్బాయిగారు మొదలగువారు తమ కులములోని పేదలకు గట్టించిన నౌరోజ్ బాగు, రుస్తుం బాగు, ఖుస్రూ బాగు మొదలగునవి చాల సొగసైనవి. వానికి జుట్టును ప్రహరిగోడలు, సింహద్వారములు, ద్వారపాలకులు గలరు. దాదరు వాడకు గోడ లేదు! ఎవ్వడైనను నే వీథినుండియైనను లోనికి రావచ్చును. ప్రక్కనే హిందూకాలనీ, ఆవల మాటుంగాలో దక్షిణాదివారి వీథులు. సాయంకాల మైదు తోటలలో నన్ని భాషల పిల్లలు నాడుకొనుచుందురు. స్థలముల విషయమున నిబంధన కఠినమే. గాలి విషయమున నిబంధన లేదు.

మన వాడ ప్రస్తావము వచ్చినప్పుడెల్ల గొందఱు మిత్రులు మొట్టమొదట ప్రహరిగోడ యెత్తును, ద్వారబంధమున వేయవలసిన పేరును జర్చింతురు. కాబట్టి యీ విషయమున నా యభిప్రాయమును దాచను. ఒక కులమువారు తమవారికొఱకు సంఘముగా నేర్పడి యిండ్లు గట్టుకొనుట చట్టవిరుద్ధము గాదు. అహమ్మదాబాదునందలి పారసీకుల గృహసంఘపు వ్యాజ్యెమున 2005లో సర్వోన్నత న్యాయస్థానము, సంఘపు నిబంధనలు సభ్యత్వమును దమ మతస్థులకే పరిమితము చేసికొనవచ్చునని తీర్పు చెప్పినది. చట్టము సమ్మతించిన దంతయు ధర్మమగునా యనునది వేఱు ప్రశ్న. పల్లెలలో వాడ యను మాట యెట్టి గోడలకు బేరుగా నుండెనో, ఎవరి బిడ్డ లే బావికి రాకూడదని మన పెద్దలు శాసించిరో మనకు దెలియనిదా? ఆ పాత గోడనే పట్టణమున సిమెంటుతో గట్టుదుమా? హైదరాబాదున 1918లో రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి వసతిగృహము పేరునకు గులముదే యైనను, అందు నితరకులముల బాలురకును జోటు దొరకినది. సురవరము ప్రతాపరెడ్డిగారంతటి పండితులు దాని నిర్వహణభారము వహించిరి. కులమువారు పూనుకొనుట వేఱు. కులమువఱకే యాగిపోవుట వేఱు.

బొంబాయి ప్రస్తావములో మన తెలుగువారి మాట చెప్పకున్న నపచారమగును. ఆ నగరపు మేడలకు రాళ్లు మోసి, సున్నము గలిపినవారిలో నిజాము రాజ్యమునుండి వెళ్లిన తెలుగు కూలీలు వేలకొలది యుండిరి. వారిని కామాఠీ లనిరి. వారు వసించిన ప్రాంతమునకు కామాఠిపుర మను పేరు నేటికిని నిలిచియున్నది. వారిలో గొందఱు గుత్తదారులై ధనము గడించి, జోతీరావు ఫూలేగారు 1873లో స్థాపించిన సత్యశోధకసమాజమున కండగా నిలిచిరి. ఆ ధన మింతకన్న మంచిపనికి వినియోగపడియుండదని నా విశ్వాసము. అయినను కామాఠిపురము కాలక్రమమున నెట్టి యపకీర్తికి బాత్రమైనదో యెల్ల రెఱుగుదురు. ఊరికి మేడలు గట్టినవారి పేటకు వారి పేరు మాత్రము మిగిలినది. పట్టా లేదు, సంఘము లేదు, నెలనెల గొళాయి సంగతి విచారించు కార్యదర్శి లేడు. గాందేవికిని గామాఠిపురమునకును దూరము క్రోసెడు లేదు.

ఇట్లని యా రెండు వాడలకును గష్టములు లేవని యనుకొనరాదు. 1947లో వచ్చిన బొంబాయి యద్దెల చట్టము యద్దెలను 1940 నాటి మట్టమున నాపివేసెను. పేదల మేలు గోరి చేసిన చట్టమే యైనను, అద్దె యాగిపోయిన యింటికి మరమ్మతు చేయించుట కెవ్వనికిని జేతులు రాలేదు. సముద్రపు గాలికి నినుము త్రుప్పుపట్టి, పై కప్పులు పెచ్చు లూడెను. సంఘముల యిండ్లు కొంత మేలుగా నిలిచినవనిన, సభ్యులు తమలో తాము చందాలు వేసికొనుటచేతనే. పారసీకులకు మఱియొక దుఃఖము గలదు. 2001 జనగణనలో దేశమున 69,601 మంది యుండినవారు, 2011 నాటికి 57,264కు దిగిరి. తోట లున్నవి, చెట్లున్నవి, వెనుకటి పెద్దలు వ్రాసిన నిబంధనలున్నవి. ఆడుకొను పిల్లలు తక్కువ. మేము నడుచుచుండగా నొక వృద్ధుడు, వాడ సంఘములో జిరకాలము పనిచేసినవాడట, నాతో మాట గలిపి, తన తరువాత దన పుస్తకముల నందుకొనువాడు దొరకుట లేదని చెప్పెను. డబ్బు గుఱించి యతడు విచారింపలేదు. పుస్తకముల గుఱించియే విచారించెను.

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణము చెప్పుటకే యీ వ్యాసమును వ్రాయ బూనితి నన్నను దప్పులేదు.

మన విద్యార్థి వసతిగృహమునకు నేను పదునొకండేండ్లు గౌరవకార్యదర్శిగా నుంటిని. మొదటి తొమ్మిదేండ్లును ఉగాదికి ముందే లెక్కలు సభకు సమర్పించితిని. పదియవయేట నా యింటియామెకు జబ్బుచేసినది. ఆ కాలమున పల్లెలనుండి దాతలు పంపిన బియ్యపు బస్తాలను లెక్కించి, రసీదు వ్రాసి, పద్దులో వేయవలసినవాడను, రసీదులను జొక్కాజేబులో నుంచుకొని యాసుపత్రికి దిరుగుచుంటిని. ఆమె గతించిన పిదప లెక్క చూడగా బదునాలుగు బస్తాలు వచ్చినట్లు దాతల యుత్తరములు చెప్పుచుండెను. పద్దులో బండ్రెండే యున్నవి. బాలురు తిని యుందురు. ఎవ్వరును దినక యెలుకలు దిని యుండును. ఎవ్వడైన నెత్తికొని పోయెనేమో కూడ. నాకు దెలియదు. రెండు బస్తాల వెలను నా పింఛనునుండి వసతిగృహపు పెట్టెలో వేసితిని గాని, ఆ సంగతిని సభలో జెప్పుటకు నోరు రాలేదు. పదియవ, పదునొకండవ సంవత్సరముల లెక్కలను సమర్పింపకయే వయోభారమను మిషతో పదవి వదలితిని. సభవారు నాకు శాలువ కప్పిరి, సన్మానపత్రము చదివిరి. లెక్క లెవ్వరు నడుగలేదు. పెద్దాయన నడుగుట మర్యాద గాదని యూరకుండి రనుకొందును. ఆ మర్యాదయే మన సంఘములను దినివేయుచున్న చెదలని, సన్మానపత్రము నింట గోడకు దగిలించుకొన్న నేను చెప్పుచున్నాను.

ఉత్తరమేరూరు వారి నిబంధనప్రకారము నేను ననర్హుడను. నా మేనమామ కొడుకులు, నా బావమఱదులును ననర్హులు. వారిలో నిద్దఱు ప్రస్తుతము మన కార్యవర్గమున నున్నారు. వారికి నా మూలమున లజ్జ గలుగకుండుగాక.

వాడ ప్రస్తావము మరల నీ మహాసభలో వచ్చునని వినుచున్నాను. స్థలనిర్ణయమునకు ముందు రెండు తీర్మానములు చేయవలెనని నా ప్రార్థన. వాడ సంఘమున నే పదవియందైనను నెవ్వడును మూడేండ్లకు మించి యుండరాదనుట యొకటి. వెనుకటి లెక్క లొప్పగింపనివాని పేరు ప్రతిపాదింపబడరాదనుట రెండవది. దాతలు గోడకు, ద్వారమునకు నిత్తుమన్న ధనమును జెట్లకు నిచ్చిన మఱింత మంచిది. కాని దాని గుఱించి పట్టుపట్టను.

నా కాలపు రెండు సంవత్సరముల చిట్టాను, దాతల యుత్తరములతోను, నాయొద్ద మిగిలిన రసీదులతోను గూర్చి, ఎఱ్ఱగుడ్డలో గట్టి, మహాసభ మొదటి దినమున గార్యాలయపు బల్లమీద నుంచెదను. నలువదియేడవ పుటలో పండ్రెండు బస్తాల పద్దు గలదు. దాని క్రింద రెండు బస్తాల సంగతిని నా చేతివ్రాతతో వ్రాసి, తేది వేసి, సంతకము చేసితిని. చూడదలచినవారు సాయంకాలము నాలుగు గంటల తరువాత రావచ్చును. నే నచ్చటనే కూర్చుండి యుందును.